గొర్రెలతో పంచుకున్న కరెంటు

మెర్వ్ హాడ్రిక్ హైవే మీద మా రోడ్‌హౌస్‌కి వచ్చి అమ్మతో గొడవ పడటం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ పెట్రోలు పంపుల దగ్గరే నిలబడి అరిచి వెళ్ళాడు. మూడోసారి లోపలికి వచ్చాడు, టోపీ తియ్యకుండా. ఎవరి గడప దాటినా ముందు టోపీ తీసే మనిషి మెర్వ్. అది చూసి అమ్మ చేతిలోని కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. నేను కౌంటర్ వెనక బ్రెడ్డు కోస్తున్నాను. కోయడం ఆపలేదు.

మాకు పన్నెండు కిలోమీటర్ల అవతల మెర్వ్ కొట్టంలో గొర్రెల బొచ్చు కత్తిరింపు నడుస్తోంది. పద్నాలుగు వేల గొర్రెలు, ఆరుగురు కత్తిరింపువాళ్ళు, దాదాపు నెల రోజుల పని. ఆ పొద్దున్న మళ్ళీ కరెంటు నీరసించి, గొర్రె కత్తిరింపువాళ్ళ కాళ్ళ మధ్య ఉండగానే కత్తెర మిషన్లు మొరాయించాయట. ఒక గొర్రెకి పొట్ట మీద తెగిందట. వాళ్ళు గొర్రెకింత అని కూలి తీసుకునేవాళ్ళు. మిషను ఆగిన ప్రతి నిమిషం వాళ్ళ నోటి దగ్గర కూడు పోయినట్టే. ఇంకోసారి ఆగితే సామాను సర్దుకుంటామన్నారట. ఇదంతా అతను అమ్మ ముఖం చూడకుండా, కిటికీలోంచి బయట నిలబడి ఉన్న తెల్ల పెట్టెను చూస్తూ చెప్పాడు.

ఆ పెట్టె కరెంటు కార్లకి ఛార్జింగ్ పెట్టేది. జనవరి ఆఖర్లో ఒక కంపెనీ తెచ్చి మా పంపుల పక్కన నిలబెట్టింది.

"నొలీన్, నీ పెట్టె నా కొట్టంలో కరెంటు తాగేస్తోంది. దాన్ని గొడ్డలితో నరికినా తప్పు లేదు."

"నరుకు," అంది అమ్మ. "ముందు ఫోన్ ఎందుకు చెయ్యలేదో చెప్పి, తర్వాత నరుకు."

"నేనా చెయ్యాల్సింది? కొత్త మిషను తెచ్చి పెట్టుకున్నది నువ్వు."

"కొట్టం నీది, గొర్రెలు నీవి. కత్తిరింపు ఎప్పుడు మొదలో నాకు కలలోకి వస్తుందా?"

మా దిక్కున కరెంటు ఒంటి తీగ మీద వస్తుంది. వరబిన్ ఊరి నుంచి బయల్దేరి, ఉప్పు చెరువుల అంచున నూట నలభై కిలోమీటర్లు నడిచి, పదకొండు ఇళ్ళకి ఇంత ఇంత పంచుకుంటూ చివరికి మా దగ్గర ఆగుతుంది. అందరూ ఒక్కసారి లాగితే ఎవరికీ చాలదు. అందుకని ఇక్కడ ఎవరైనా పెద్ద మోటారు వేసే ముందు రోజు ఫోన్ చేసి చెబుతారు. రేపు బోరు మోటారు వేస్తున్నాననో, ఎల్లుండి వెల్డింగు పని ఉందనో చెబితే, మిగతావాళ్ళు బట్టల మిషను ఆపుకుంటారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. కానీ ఫోన్ చెయ్యకుండా మోటారు వేసినవాడి గురించి ఏడాదిపాటు చెప్పుకుంటారు.

మెర్వ్ ఇంట్లో ఆ ఫోన్లన్నీ అతని భార్య డాట్ చేసేది. కత్తిరింపుకి ముందు సాయంత్రం వరసగా మిగతా ఇళ్ళన్నిటికీ చేసి, పనిలో పనిగా అందరి కబుర్లూ తెలుసుకునేది. రెండేళ్ళ కిందట ఆమె పోయింది. నిరుడు అమ్మే జాలిపడి మెర్వ్‌కి ఫోన్ చేసి రోజు కనుక్కుంది. ఈ ఏడు అమ్మ చెయ్యలేదు. కొట్టం అతనిది, అతనే చెప్పాలని కూర్చుంది. కొత్త మిషను వాళ్ళది, వాళ్ళే చెప్పాలని అతను కూర్చున్నాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా అబద్ధమాడటం లేదు. అందుకే ఇద్దరికీ అంత కోపం.

మెర్వ్ వెళ్ళిపోయాక అమ్మ కోల్డ్ రూమ్ తలుపు తీసి చూపించింది. కరెంటు నీరసించినప్పుడల్లా దాని మోటారు మూలిగి మూలిగి, ముందు రోజు మధ్యాహ్నం ఆగిపోయింది. రెండు గొర్రెల మాంసం వాసన పట్టింది. మేమిద్దరం దాన్ని చక్రాల బండి మీద తోసుకెళ్ళి వెనక గుంటలో పూడ్చాం. మార్చి ఎండ. ఈగలు కళ్ళల్లోకి వస్తున్నాయి. గుంట తవ్వుతున్నంతసేపూ అమ్మ మెర్వ్‌ని తిట్టింది. అక్కడ మెర్వ్ కూడా అదే సమయానికి ఏదో పని చేస్తూ అమ్మని తిడుతూ ఉంటాడని నాకు అనిపించింది.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి అమ్మ ఫోన్‌కి ఉత్తరం వచ్చింది. మొదటి మూడు నెలలు పరీక్షాకాలం. వంద గంటల్లో తొంభై అయిదు గంటలు మిషను పని చేస్తూ ఉండాలి. మాది ఎనభై ఎనిమిది దగ్గర ఉంది. వచ్చే గురువారం జారడ్ విన్‌స్లో అనే మేనేజరు వచ్చి చూస్తాడు, బహుశా మిషనుని కూరంబాకి మారుస్తాం అని రాశారు. కూరంబా మాకు తొంభై కిలోమీటర్లు. అక్కడ పెద్ద బర్గర్ల దుకాణం ఉంది.

అమ్మ ఉత్తరం చదివి, ఫోన్ బల్ల మీద బోర్లించి కూర్చుంది. తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

లారీలు మా దగ్గర ఆగడం మానేసి నాలుగేళ్ళయింది. ఇప్పటి లారీల ట్యాంకులు ఒక్కసారి నింపితే మమ్మల్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోతాయి. ఆగిన కార్లవాళ్ళు పెట్రోలు పోయించుకుని, టాయిలెట్‌కి వెళ్ళి, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళు. తెల్ల పెట్టె వచ్చాక మొదటిసారి జనం మా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. గంట కూర్చోవాలి మరి. అది చిన్న మిషను, నెమ్మదిగా ఎక్కిస్తుంది. గంటసేపు ఊరికే కూర్చున్న మనిషి తింటాడు. అమ్మ గొర్రె మాంసం సూపు వండేది. నేను క్వాండాంగ్ జామ్ పెట్టి బన్నులు చేసేదాన్ని. మా వెనక ఇసుక దిబ్బల్లో పండే ఎర్రటి పుల్లటి పండు అది, కొనక్కర్లేదు. కార్లలోని పిల్లలు గోళీల్లాంటి ఆ గింజలు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఎనిమిది బల్లలూ నిండాయి. అమ్మ వంటగదిలోంచి తొంగి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ తొంగి చూసింది. పెట్టె పోతే చలికాలం లోపల తలుపులు మూసెయ్యడమే. ఇంకో దారి లేదని ఇద్దరికీ తెలుసు. అమ్మ పంతొమ్మిదేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

నేను మిషను ఆగిన ప్రతిసారీ కంపెనీ సాయం నంబరుకి ఫోన్ చేశాను. ఎక్కడో కూర్చున్న ఒక గొంతు ప్రతిసారీ ఒకటే చెప్పేది: మిషను ఆపి, రెండు నిమిషాలాగి, మళ్ళీ వెయ్యమని. కరెంటు తక్కువ వస్తోందని నేను చెప్పేదాన్ని. రాసుకుంటున్నాం అనేవాళ్ళు. ఎవరెవరితో ఎప్పుడు మాట్లాడానో గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకునేదాన్ని. ఉత్తరం వచ్చిన రాత్రి ఆ క్యాలెండరు ముందు నిలబడితే, అప్పటిదాకా నా కళ్ళకి ఏమైందో అని నా మీద నాకే ఒళ్ళు మండింది. మిషను ఆగిన వేళలు: ఏడూ నలభై. పదీ అయిదు. ఒంటిగంటా పది. మూడూ ముప్ఫై అయిదు. తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య ఒక్కసారీ ఆగలేదు. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య ఆగలేదు.

ఆ గంటలు ఇక్కడ పుట్టిన ఏ పిల్లకైనా కంఠతా వచ్చు. కత్తిరింపువాళ్ళు ఏడున్నరకి మొదలుపెట్టి రెండు గంటలు పని చేస్తారు. తొమ్మిదిన్నరకి అరగంట స్మోకో, అంటే టీ తాగే విరామం. మళ్ళీ రెండు గంటలు. పన్నెండుకి గంట భోజనం. ఒంటిగంట నుంచి మూడు. మళ్ళీ స్మోకో. మూడున్నర నుంచి అయిదున్నర. గంట కొట్టాక ఒక్క గొర్రెని కూడా పట్టుకోరు, గంట కొట్టకముందు ఒక్క నిమిషం కూడా ఆగరు. వాళ్ళు ఆగినప్పుడు తీగలో కరెంటు ఉంటుంది. అంతే సంగతి.

మర్నాడు స్మోకో వేళకి నేను మెర్వ్ కొట్టానికి వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో "చెరువులో బాతులు" అని కేక వేశారు. ఆడవాళ్ళు వస్తున్నారు, నోళ్ళు అదుపులో పెట్టుకోండి అని పాతకాలం హెచ్చరిక. ఇప్పుడు కొట్టంలో సగంమంది ఆడవాళ్ళే. అయినా అలవాటు కొద్దీ అరుస్తారు. ఉన్ని బల్ల దగ్గర ఉన్న ఒకావిడే నవ్వుతూ అరిచింది. మెర్వ్ నవ్వలేదు.

క్యాలెండరు కాగితం అతని ముందు పరిచాను. చాలాసేపు చూశాడు. వేలితో ఒక్కో వేళ మీదా గీత గీసుకుంటూ వెళ్ళాడు.

"ఇది మీ అమ్మ చూసిందా?"

"చూపించాలంటే మీ పేరు ఎత్తాలి కదా. కాగితం చింపేస్తుంది."

నేను చెప్పాల్సింది చెప్పేశాను. స్మోకోల్లోనూ భోజనం వేళా సాయంత్రం అయిదున్నర తర్వాతా మాత్రమే కార్లకి కరెంటు ఇస్తాం. మిగతా వేళల్లో పెట్టె ఆపేస్తాను. ఇంకా మూడు వారాలు అంతే. అతను టీ గ్లాసు కింద పెట్టి, కార్లవాళ్ళు ఒప్పుకుంటారా అని అడిగాడు. ఒప్పుకోరని చెప్పాను. నా ముఖంలోకి చూసి, "కూర్చో పిల్లా, టీ తాగు," అన్నాడు. అంతకుమించి మెర్వ్ దగ్గర నుంచి ఎవరూ ఆశించరు.

పెట్టె పక్కన ఆపే ఎర్ర బొత్తాం ఒకటి ఉంది. ప్రమాదం జరిగితే నొక్కమని ఇచ్చారు. నేను ఏడున్నరకి దాన్ని నొక్కి, తొమ్మిదిన్నరకి తిప్పి వదిలేదాన్ని. పలక మీద సుద్దతో రాసి తలుపుకి వేలాడదీశాను: ఇక్కడ కరెంటు గొర్రెలతో పంచుకుంటున్నాం. కింద వేళలు రాశాను.

ఒక పెద్దాయన తెల్ల కారు దిగి పలక చదివి, నన్ను పిలిచి, తాను కట్టే పన్నుల గురించి చెప్పాడు. ఇంకొకామె నా ఫోటో తీసి, ఎక్కడో పెడతానని బెదిరించింది. ఒక కుర్రజంట నవ్వి, కత్తిరింపు చూడొచ్చా అని అడిగి మెర్వ్ కొట్టానికి వెళ్ళి వచ్చారు. ఎక్కువమంది తిట్టి, కూర్చుని, తిని, మళ్ళీ తిట్టి, రెండోసారి తిన్నారు. ఆ వారంలో కత్తెరలు ఆగలేదు. బాగు చేయించిన కోల్డ్ రూమ్ మూలగలేదు. అమ్మ మాత్రం, నేను తనతో చెప్పకుండా మెర్వ్ దగ్గరికి వెళ్ళానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గురువారం జారడ్ వచ్చాడు. సొంత కరెంటు కారులోనే వచ్చాడు. పది దాటి పావుగంట అయింది. వచ్చేసరికి కారులో తొమ్మిది శాతం మిగిలి ఉందట. పలక చదివాడు, ఎర్ర బొత్తాం చూశాడు, తిన్నగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చొక్కా మీద కంపెనీ గుర్తు. ఆ బొత్తాం నొక్కడానికి నీకెవరు హక్కిచ్చారని నన్నే అడిగాడు. ప్రతి నొక్కుడూ ఒక లోపం కింద పడుతుందట. ఈ వారంలో నేనే శాతాన్ని డెబ్భై తొమ్మిదికి దించానట. ఇక మాట్లాడేదేం లేదు, సోమవారం లారీ వచ్చి పెట్టెని పీకుతుందన్నాడు.

ఆ రోజు కత్తెరలకి కొత్త పళ్ళు కావాలని వరబిన్‌కి వెళ్తూ మెర్వ్ పెట్రోలుకి మా దగ్గర ఆగాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. అమ్మ వంటగది తలుపు దగ్గరికి వచ్చింది. ఒకరినొకరు చూసుకోలేదు.

నేను క్యాలెండరు తెచ్చి జారడ్ ముందు పెట్టాను. తీగ సంగతి, కొట్టం సంగతి, స్మోకో సంగతి చెప్పాను. నాకు ఎక్కువ మాట్లాడటం అలవాటు లేదు. మధ్యలో ఆగాల్సి వచ్చింది. అతను సగం విని, తల ఊపి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఓ, లైను బలహీనంగా ఉందా. అయితే మిషను వేగం సగానికి తగ్గిస్తే సరిపోతుంది కదా," అన్నాడు.

ఫోన్ తెర మీద వేలితో ఒక గీతని పక్కకి జరిపాడు. "ఎర్ర బొత్తాం వదులు." వదిలాను. వెళ్ళి తన కారుకి తగిలించి వచ్చాడు. పెట్టె సన్నగా మోగింది. మా నెత్తిమీద ట్యూబులైటు కొట్టుకోలేదు. మెర్వ్ జేబులోంచి ఫోన్ తీసి కొట్టానికి చేశాడు. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు.

"తిరుగుతున్నాయి," అన్నాడు. "ఏమీ తెలియలేదట."

ఎవరూ కదల్లేదు. జారడ్ నవ్వుతూ మా ముగ్గురినీ చూశాడు, మెచ్చుకుంటామని కాబోలు. "వేళలు కూడా పెట్టొచ్చు. మీ గొర్రెల టైము ప్రకారం అదే తగ్గి అదే పెరుగుతుంది. అడిగి ఉంటే మొదటి రోజే చేసేవాణ్ణి."

అమ్మ చేతిలో గరిటె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టిన చప్పుడు బయట ఉన్నవాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. రెండు గొర్రెల మాంసం గుంటలో పూడ్చిన మనిషి ఆమె. ఇరవై ఏళ్ళ పొరుగువాణ్ణి రెండు వారాలు శత్రువుగా చూసిన మనిషి. మెర్వ్ ముఖం ఎర్రబడింది. అతను ఏదో అనబోయాడు. నేను ముందు మాట్లాడాను.

"పద్నాలుగు సార్లు అడిగాను."

"ఎవర్ని?"

"మీ నంబర్ని. తారీకులు ఇక్కడున్నాయి, వేళలు ఉన్నాయి, ఎత్తినవాళ్ళ పేర్లు ఉన్నాయి. కరెంటు తక్కువ వస్తోందని పద్నాలుగు సార్లూ చెప్పాను. ఆపి వెయ్యమన్నారు."

అతను క్యాలెండరు చూశాడు. వాళ్ళకి ఈ ఏర్పాటు కనిపించదని, అది తన స్థాయివాళ్ళకే కనిపిస్తుందని గొణిగాడు.

"మరి మీకు కనిపించిందా?" అన్నాను. "ఎనభై ఎనిమిది అని ఉత్తరం రాశారు కదా. మిషను ఎందుకు ఆగుతోందో ఆ ఉత్తరం రాసే ముందు చూశారా?"

కోపంలో నా గొంతు పెరుగుతుందేమో అనుకున్నాను. పెరగలేదు. ఇంకా చిన్నదైంది. కానీ ఆగలేదు. తీగ ఎలాంటిదో ఈ పెట్టె బిగించకముందే మీ ఇంజనీరు కొలిచి వెళ్ళాడు, నేనే అతనికి టీ ఇచ్చాను అన్నాను. ఆ కొలత మీ దగ్గర ఉందా లేదా అని అడిగాను. ఉందన్నాడు. తీగ మీద భారం పడకుండా పెట్టెతో పాటు ఒక బ్యాటరీ కూడా పెట్టాల్సిందట, ఖర్చని తీసేశారట. అది అతనే చెప్పాడు. చెప్పకూడదని తెలిసి కూడా చెప్పినట్టు, నేల చూస్తూ చెప్పాడు.

"విన్నావా నొలీన్," అన్నాడు మెర్వ్. ఆ రెండు వారాల్లో అమ్మని పేరు పెట్టి మామూలుగా పిలవడం అదే మొదలు.

"విన్నాను. చెవులున్నాయి," అంది అమ్మ. అతని మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కొంత పోవడానికి టైము పడుతుంది.

జారడ్ కారుకి సగం వేగంలో ఎక్కాలంటే రెండు గంటలైనా పడుతుంది. అతను ఎక్కడికీ పోలేడు. నేను అతని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు, ఇక్కడే, నీ నివేదిక రాయమన్నాను. ఆఫీసుకి వెళ్ళి రాస్తానన్నాడు. వద్దన్నాను. తీగ బలహీనమని ముందే తెలుసని రాయి. బ్యాటరీ తీసేశారని రాయి. వేగం తగ్గించే వీలు ఉండీ తగ్గించలేదని రాయి. ఆగిన గంటలు ఈ రోడ్‌హౌస్ తప్పు కాదని రాయి. ఒక్కో వాక్యం రాశాక నాకు చదివి వినిపించమన్నాను. మూడో వాక్యం దగ్గర మాట మార్చాలని చూశాడు. మెర్వ్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు. జారడ్ మార్చలేదు.

పంపాక, పెట్టె ఇక్కడే ఉంటుందా అని అమ్మ అడిగింది. ఉంటుంది, పరీక్షాకాలం మళ్ళీ మొదటి నుంచి లెక్కేసుకుంటాం, అది తన చేతిలో పనే అన్నాడు. అమ్మ తల ఊపి వంటగదిలోకి వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. కాసేపటికి పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది.

అతను ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే ఆగమన్నాను.

"ఇలాంటి ఒంటి తీగల మీద ఇంకెన్ని పెట్టెలు పెట్టారు?"

"తొమ్మిది."

"అవి కూడా ఆగుతున్నాయా?"

కొన్ని ఆగుతున్నాయన్నాడు. రెండు చోట్ల పీకేశారట. అక్కడివాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే ఉంటారు. ఒకళ్ళ మోటారు వల్ల, ఒకళ్ళ బోరు వల్ల అనుకుంటూ. ఎక్కడో ఎవరో గుంట తవ్వి ఉంటారు.

"వాటికీ ఇదే చెయ్యి," అన్నాను.

"అవన్నీ ఇవాళ కుదరదు. ముందు వాటి వివరాలు చూడాలి."

"చూడు. ఇంకా గంట పైనే ఉంది."

అతను మెర్వ్ వైపు చూశాడు. మెర్వ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. జారడ్ మళ్ళీ ఫోన్ తెరిచాడు. మొదటి ఊరి పేరు పైకి చదివి, తీగ కొలత చూసి, గీత పక్కకి జరిపాడు. రెండోది. మూడోది. నాలుగో దాని దగ్గర, అక్కడివాళ్ళ పని వేళలు తనకి తెలియవన్నాడు. అక్కడివాళ్ళ నంబరు ఇవ్వమన్నాను. ఇచ్చాడు. నేనే చేస్తే, ఎత్తింది ఎవరో ఒక ముసలాయన. కంపెనీ పేరు వినగానే బూతులు మొదలుపెట్టాడు. నేను అడ్డు చెప్పలేదు. అంతా అయ్యేదాకా విన్నాను. తర్వాత, మొదటి నుంచి మళ్ళీ చెప్పమని ఆయన్ని అడిగి, ఫోన్ జారడ్ చేతిలో పెట్టాను.